సెలక్షన్ బూట్లు

గోపీనాథ్ మాస్టారు పోయింది ఆషాఢంలో, ఒక శనివారం. నరసరావుపేటలో పని చూసుకుని వస్తూ, నకరికల్లు ఇంకా రాకముందే బస్సులో తల వాల్చేశాడు. నిద్రపోతున్నాడనుకున్నాడు కండక్టరు. దిగాల్సిన చోట లేపబోతే లేవలేదు.

ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలుకి ఆయన ఆటలు నేర్పే పీడీ మాస్టారు. భార్య ప్రేమలత అక్కడే జీవశాస్త్రం చెప్తుంది. కర్మకాండలు అయ్యాక ఆమె మళ్ళీ బడికి వచ్చింది, పాఠాలు చెప్పింది. ఆటస్థలం వైపు మాత్రం వెళ్ళలేదు.

మాస్టారు ఉన్నన్నాళ్ళూ ఆడపిల్లల కబడ్డీ జట్టుని రోజూ బల్ల మీంచి దూకించేవాడు. చప్పుడు కాకుండా దిగాలి, మోకాళ్ళు వంచి దిగాలి, వంచిన మోకాలు లోపలికి వాలకూడదు. చూసేవాళ్ళు నవ్వి దానికి కప్పల క్లాసని పేరు పెట్టారు. ఆయనతో పాటే కప్పల క్లాసూ ఆగిపోయింది.

దసరా సెలవులయ్యాక హెడ్మాస్టరు నరసింహారావు ఆమెను పిలిచాడు. "కొత్త పీడీ ఇప్పట్లో వచ్చేట్టు లేడమ్మా. ఆటల పీరియడ్ మీరే చూడాలి. వచ్చే నెల పేటలో సెలక్షన్స్. నజీమా ఈసారి ఖాయం అంటున్నారు అందరూ."

నజీమా తొమ్మిదో తరగతి. మోటారు సైకిళ్ళ మెకానిక్ జిలానీ కూతురు. కూతకెళ్తే ఒకరినో ఇద్దరినో ముట్టుకుని గానీ రాదు. సెలక్షన్లో నెగ్గితే క్రీడా హాస్టల్లో సీటొస్తుంది, ఇంటర్ దాకా తిండీ చదువూ అక్కడే. జిలానీ ఇల్లంతా దాని మీదే ఆశ పెట్టుకుంది.

"సెలక్షన్ మ్యాట్ మీద కదా సార్, పిల్లలకి బూట్లు?"

"బ్రహ్మాండమైనవి వచ్చినయ్యి. మిరపకాయల వ్యాపారి ఒకాయన కొనిచ్చాడు." హెడ్మాస్టరు బీరువా తెరిచి చూపించాడు. పెట్టెలన్నిటికీ కుంకుమ బొట్లు. ఆయుధపూజ నాడు బడిలో కంప్యూటరుకి పెట్టినప్పుడే వీటికీ పెట్టారు. "ఆ రోజు పొద్దున్నే తీసిద్దాం. ఇప్పుడే ఇస్తే మాపేస్తారు."

ప్రేమలత పెట్టెల వంక చూసింది. మట్టిలో ఒట్టికాళ్ళతో ఆడే పిల్ల గిరుక్కున తిరిగితే పాదం కొంచెం జారుతుంది. ఆ జారడమే మోకాలిని కాపాడుతుంది. మ్యాట్ మీద రబ్బరు బూటు జారదు. పాదం పట్టుకుని ఉండిపోతుంది, ఒళ్ళు తిరుగుతుంది, మధ్యలో మోకాలు నలుగుతుంది. ఈ మాట గోపీనాథ్ ఎన్నిసార్లు అన్నాడో. అన్నం తింటూ తింటూ ఎడమచెయ్యి నేలకి ఆనించి, మోచెయ్యి తిప్పి చూపించేవాడు.

"బూట్లు ఇవ్వాళే ఇవ్వండి సార్. మాసినా ఫర్వాలేదు. అలవాటు లేని బూట్లతో మ్యాట్ ఎక్కితే మోకాళ్ళు పోతాయి."

"ఏందమ్మా ఇది! కాలు కాపాడ్డానికే కదా బూట్లు?" అన్నాడాయన. అయినా పెట్టెలు దించాడు.

బడి వెనక మిరపకాయలు ఆరబోసే సిమెంటు కళ్ళం ఖాళీగా ఉంది. మ్యాట్ మీదలాగే సిమెంటు మీదా బూటు జారదని సాయంత్రం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళింది. నజీమా కొత్త బూట్లతో ఉరికి వచ్చి ఒక్క అడుగులో వెనక్కి తిరిగింది. మోకాలు లోపలికి వాలింది.

"మోకాలు లోపలికి! వంగి దిగు, వంగి!"

ప్రేమలత అన్న మాటే, కానీ అన్న తీరు ఆమెది కాదు. పిల్లలంతా ఆగిపోయారు.

"అబ్బ, మాస్టారొచ్చారనుకున్నానే," అని నోరు జారింది పింకీ. పక్కపిల్ల గిల్లేసరికి నాలిక్కరుచుకుంది.

"రేపట్నించీ బల్ల కూడా తెచ్చుకోండి," అంది ప్రేమలత. "నజీమా, ఒక్క అడుగులో తిరగొద్దు. నడుం దించి, చిన్న చిన్న అడుగులేసి తిరుగు."

"అట్టా తిరిగితే పట్టేసుకుంటారు మేడం!"

"పట్టుకోనీ."

వారం తిరక్కుండానే జిలానీ ప్రేమలత ఇంటికొచ్చాడు. చేతులకి గ్రీజు అట్లాగే ఉంది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"పిల్ల చానా స్లో అయిందంట మేడం. పింకీ కూడా పట్టేసుకుంటుందంట. పింకీ! ఆ సెలక్షనేదో అయినాక నేర్పొచ్చు గదా ఈ అడుగులు?"

"అప్పటిదాకా కాలు బాగుండాలి గదా జిలానీ."

"ఇన్నాళ్ళు ఏం కాలేదు గదమ్మా."

"ఇన్నాళ్ళు మట్టిలో ఆడింది."

అతను తలుపు మీద చెయ్యి ఆనించబోయి, గ్రీజు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. "మాస్టారుంటే ఏమనేవోరు?"

"అడుగు కుదిరేదాకా మ్యాట్ మీద ఆడనిచ్చేవారు కాదు. నేను ఆడనిస్తున్నాను."

సెలక్షన్ రోజు నరసరావుపేటలో నజీమా మొదటి కూతకే దొరికిపోయింది. "ఏందమ్మాయ్, పెళ్ళికూతురి నడకా?" అని అరిచాడెవడో. రెండోసారి ఒకమ్మాయిని ముట్టుకుని, నడుం దించి, చిన్న అడుగులతో తిరిగి గీత దాటింది. మూడోసారి మళ్ళీ పట్టేశారు.

ఆ పక్క మ్యాట్ మీద నీలం చొక్కాల జట్టు ఆడుతోంది. వాళ్ళవి ఆ పొద్దున్నే పెట్టెలోంచి తీసిన బూట్లు. కూతకొచ్చిన పిల్ల ఒక్క అడుగులో గిరుక్కున తిరిగింది. ఎవరూ దాన్ని ముట్టుకోనే లేదు. మోకాలు పట్టుకుని కూలబడింది. ఆ అరుపుకి ఈ ఆట కూడా ఆగింది.

సాయంత్రం పేర్లు చదివారు. నజీమా పేరు లేదు.

"సీటు పోయింది మేడం," అన్నాడు జిలానీ.

"పోయింది."

ఆమె పిల్లల బూట్లు లెక్కపెట్టి సంచిలో వేసింది.

బస్టాండులో బస్సెక్కబోతుంటే నీలం జట్టు మాస్టారు వెనకే వచ్చాడు. పేరు శ్రీహరి అన్నాడు. పిల్లని ఆసుపత్రిలో చూపించారట, లోపల నరం తెగిందనే అంటున్నారట, ఆపరేషన్ తప్పదట.

"మీ పిల్ల తిరిగే పద్ధతి చూశానమ్మా. ఎవరు నేర్పారు?"

"మావారు. పీడీ."

"ఒక్కసారి మా స్కూలుకి రమ్మనండి. మిగతా పిల్లలకన్నా చూపిస్తారు." కాగితం మీద నంబరు రాసిచ్చాడు. మాస్టారు లేరన్న మాట చెప్పకుండానే ఆమె తీసుకుంది. బస్సు కదులుతోందని జిలానీ పిలిచాడు.

నకరికల్లు దాకా నజీమా కిటికీలోంచి బయటికే చూస్తూ కూచుంది. అక్కడ అడిగింది, "వచ్చే ఏడు కూడా నన్ను సెలక్షన్‌కి రానిస్తారా మేడం, టెన్త్‌లో ఉన్నా?"

"రానిస్తారు."

ఇప్పుడు రోజూ కళ్ళంలో బల్ల వేస్తున్నారు. నజీమా మోకాలు లోపలికి వాలడం తగ్గింది, వేగం కొంచెం కొంచెం తిరిగొస్తోంది. మిరపకాయలు కళ్ళానికి వచ్చేలోగా ఇంకో చోటు చూసుకోవాలి. శ్రీహరికి ప్రేమలత ఇంకా ఫోన్ చెయ్యలేదు.