పోలీసు జీపుకు తిరిగిన బోరు మోటారు

తన వకీలు పంపిన నోటీసు అందిన వారానికే కంపెనీ మనిషి తొండుపల్లిలో దిగాడంటే ఆశేర్‌కు సంతోషం కంటే అనుమానమే ఎక్కువైంది. ఇంట్లో కూర్చుని రిమోట్ నొక్కితే పొలంలో బోరు మోటారు తిరిగే వైర్‌లెస్ పెట్టె అతను తయారు చేసింది. పేటెంట్ కూడా అతని పేరు మీదే ఉంది. అయినా ఆ కంపెనీ అదే పెట్టెకు తన ముద్ర వేసి జిల్లాలన్నిటా అమ్ముకుంటోంది.

"గొడవలెందుకండీ, లైసెన్స్ తీసుకుంటాం," అంటూ ఆ వచ్చిన మనిషి వినోద్ కుమార్ ఒప్పందం కాగితాలు మంచం మీద పెట్టాడు. సంతకం ఊసు మాత్రం ఎత్తలేదు. టీ బాగుందన్నాడు. ఆశేర్ తల్లి ప్రేమమ్మను కబుర్లలోకి దించాడు. మీ అబ్బాయి ఈ పెట్టెను మొదట ఎవరికి చూపించాడమ్మా అని తేనె పూసిన గొంతుతో అడిగాడు.

ఆశేర్‌కు ఎత్తు అర్థమైంది. దరఖాస్తు పెట్టకముందే నలుగురిలో చూపించిన వస్తువుకు పేటెంట్ నిలవదు. ఇతను వచ్చింది లైసెన్స్ కోసం కాదు, సాక్ష్యం కోసం.

"అమ్మా, పొయ్యి మీద అన్నం చూడు," అన్నాడు.

"దించిన తియ్," అంది ప్రేమమ్మ. "ముందుగాల దేవునికే చూపెట్టిండు బిడ్డా. ఈస్టర్ నాడు చర్చి బోరుకు పెట్టి, అందరి ముందట సాక్ష్యం చెప్పిండు."

దరఖాస్తు వేసింది ఆ ఏడు క్రిస్మస్ ముందు. వినోద్ కుమార్ పెన్ను తీసి, అమ్మ చెప్పిందంతా రాసి సంతకం పెట్టించుకుంటానన్నాడు. ఆశేర్ లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. అమ్మ చేత అబద్ధం ఆడించడం ఎవరి తరమూ కాదు.

"అంత రాస్కో," అంది ఆమె. "పాస్టర్ అయ్యగారు కండ్లు మూసి ప్రార్థన చేస్తుండు. వీడింక మీట ముట్టనే లేదు. బెంగుళూరు రోడ్డు మీద పోలీసు జీపు వైర్‌లెస్‌ల మాట్లాడుకుంట పోయింది, మోటారు దానంతటదే షురువైంది. పైపు ఎగిరి అయ్యగారి తెల్లంగి తడిసి ముద్దయింది. సంఘమంత ఒకటే నవ్వుడు. వీడు నెలదాక చర్చి మొకం చూడలె."

పెన్ను ఆగింది.

ఆ సిగ్గును ఆశేర్ తన వకీలుకు కూడా చెప్పుకోలేదు. ఆ తర్వాతే పట్టుబట్టి, తన రిమోట్ పంపే రహస్య సంకేతానికి తప్ప మరి దేనికీ మోటారు కదలకుండా చేశాడు. పేటెంట్ ఇచ్చింది ఆ సంకేతానికే. ఈస్టర్ నాటికి అది పుట్టనే లేదనడానికి నవ్విన సంఘమంతా సాక్షి.

"ఆపినవేంది సార్, రాయి," అన్నాడు ఆశేర్. "అమ్మ సంతకం పెడ్తది. జర ఆగితే అయ్యగారిని గూడ పిలుస్త."

వినోద్ కుమార్ రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయాడు. సంతకం పెడతానంటూ ప్రేమమ్మ చెయ్యి చాచి తీసుకుంది. ఇక అతనికి మిగిలినవి మంచం మీది ఒప్పందం కాగితాలే. మొదటి సంతకం అతనే పెట్టాడు.

ఆశేర్ మాత్రం ప్రతి పుటా చదివేదాకా పెన్ను ముట్టలేదు.