ఏరు ఎటుంది?

నేను ఒక కళ్లజోడును. ఎడమకొక అద్దం, కుడికొక అద్దం. పుట్టుకతోనే ఎడమా కుడీ తెలుసు కాబట్టి ఇక లోకంలో తికమకపడే పనే లేదనుకున్నాను. మాబెల్ ముక్కు మీదికి ఎక్కాక ఆ ధీమా కాస్తా దిగిపోయింది.

మాబెల్ కరూక్ అనే ఆదివాసీ తెగ ముసలావిడ. కాలిఫోర్నియా కొండల్లో, ఏటి గట్టున ఒంటరిగా ఉంటూ బుట్టలల్లేది. వాళ్ల భాషలో చూపుకి కూడా ఏరే దిక్కు. ఎగువకు చూడటానికి ఒక మాట, దిగువకు చూడటానికి మరో మాట. చేపల కాలంలో ఆవిడ రోజంతా దిగువకే చూసేది. సముద్రం నుంచి సాల్మన్ చేపలు ఎదురెక్కి వచ్చేది అటునుంచే మరి. గుమ్మం దిగుతుంటే నా ఎడమన ఉన్న దిగువ, తిరిగొస్తుంటే కుడికి వచ్చేసేది! నాకు తల తిరిగిపోయేది. ఆవిడకు మాత్రం ఏ రోజూ తిరగలేదు.

ఒక చలికాలం జ్వరం ముదిరి, ఆవిడను కొండ అవతల పట్నంలో ఆసుపత్రిలో చేర్చారు. జ్వరమైతే తగ్గింది గానీ నోట చిన్ననాటి భాష ఒక్కటే మిగిలింది. డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టి, "ఎడమకు చూడండమ్మా" అన్నాడు. ఆవిడ కిటికీని, తలుపును, పైకప్పును చూసి ఏదో అడిగింది. కుడికి చూడమంటే మళ్లీ అదే అడిగింది. "మతి పోయింది. ఒంటరిగా ఇంటికి పంపలేం, వృద్ధాశ్రమమే గతి" అని రాసేశాడాయన. తమకు అర్థం కాకపోతే ఎదుటివాళ్లకే మతి పోయిందనుకోవడం మనుషులకు అలవాటు. నేనూ నమ్మేశాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మర్నాడు చెల్లెలి కూతురు డోరిన్ వచ్చింది. మాబెల్ అడుగుతున్న ఆ ప్రశ్న వినగానే నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఏరెటుందని అడుగుతోందండీ! అది తెలీందే ఎటని చూస్తుంది?" అంది డాక్టరుతో. తర్వాత వాళ్ల భాషలో, "పెద్దమ్మా, ఏరు నీ వెనకాల, కొండకి అవతలుంది. కిటికీ వైపు ఎగువ, తలుపు వైపు దిగువ" అని చెప్పింది.

డాక్టరు ఎడమ అన్నప్పుడు డోరిన్ ఎగువ అంది. కుడి అన్నప్పుడు దిగువ అంది. మాబెల్ ఒక్కసారీ తప్పలేదు. డాక్టరు తను రాసింది కొట్టేశాడు.

ఇంకో రెండు చేపల కాలాలు మాబెల్ తన వాకిట్లోంచే చూసింది.

ఆవిడ పోయాక, ఇప్పుడు నేను ఆవిడ అల్లిన బుట్టలతో పాటు ఆ పట్నం మ్యూజియంలో, గాజుపెట్టెలో ఉన్నాను. ఎటు చూస్తున్నానో తెలియక చాలాకాలం అయోమయంలో పడ్డాను. మొన్న డోరిన్ వచ్చి, పెట్టె తెరిపించి, నన్ను కొంచెం పక్కకు తిప్పింది.

"అక్కడ గోడ తప్ప ఏం లేదు కదండీ?" అన్నాడు కాపలా మనిషి.

"దిగువ అటేనండీ" అంది డోరిన్.

చేపల కాలం మొదలైందట. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను, మాబెల్ చూసినట్టే.