మూడో వరస సీటు

“వెనక సీటు రూబీకి సరిపోతుందిలే,” అన్నారు అత్తయ్యగారు నన్ను చూపిస్తూ, రాజమండ్రి షోరూంలో ఏడు సీట్ల బండి లోపలికి తొంగి చూసి. ఆవిడ హ్యాండ్‌బ్యాగూ, మావయ్యగారి మందుల సంచీ, నీళ్ళ సీసా పట్టుకుని నేను పక్కనే నిలబడి ఉన్నాను.

బండిలో ఏమేం కావాలని సేల్స్‌మన్ గణేష్‌బాబు అడిగాడు. మావయ్యగారికి మొహానికి తగిలేలా ఏసీ గాలి కావాలి. అత్తయ్యగారికి ఎత్తు తక్కువ మెట్టు, నొప్పెట్టే మోకాలు చాపుకునే చోటు కావాలి. మా ఆయన సాల్మన్‌కి పెద్ద తెర, పైకప్పుకి అద్దం. చర్చి వాళ్ళతో కన్వెన్షన్‌కి వెళ్తే వంటసామాను పట్టే డిక్కీ కూడా ఉండాలట. ఆ వంట ఎవరు చేస్తారో, గిన్నెలు ఎవరు తోముతారో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నన్నేమీ అడగలేదు కాబట్టి, వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుందని నేనే చెప్పాను. “రోజూ స్కూలు డ్యూటీకి బస్సులో వెళ్ళట్లేదా?” అన్నారు మా ఆయన. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటానని, నా స్టాపు రాగానే నేనే దిగిపోతానని చెప్పబోయేసరికి ఆయన తెరమీద పాటలు వెతుక్కుంటున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో సగం మాటలు ఇలాగే నోట్లోనే ఉండిపోయాయి నాకు.

టెస్ట్ డ్రైవ్‌కి ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఆత్రేయపురం వైపు వెళ్ళాం. గణేష్‌బాబు నడుపుతున్నాడు, పక్కన మా ఆయన. మధ్యలో అత్తయ్యగారు, మావయ్యగారు. వెనక నేను, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే సంచులు ఒళ్ళో పెట్టుకుని. మూడో వరసకి వేరే తలుపు లేదు. మధ్య సీటు మడిచి ఎవరైనా దారిస్తేనే దిగాలి.

పూతరేకుల కొట్టు ముందు ఆపారు. అందరూ దిగారు. తలుపులు పడ్డాయి, ఏసీ ఆగింది. సీటు మడిచే మీట ఎక్కడుందో తడిమినా దొరకలేదు. అద్దం మీద కొట్టాను. అత్తయ్యగారు బెల్లం రేకులు రుచి చూస్తున్నారు. చెమటలు కారిపోతున్నాయి, వాంతి వచ్చేలా ఉంది. ఆయనకి ఫోన్ చేశాను. జేబులోంచి తీసి, నా పేరు చూసి, కట్ చేసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. పదడుగుల దూరంలో నిలబడి! ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

సంచులు ముందుకి విసిరి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని సీటెక్కి ఇవతలికి దూకాను. తలుపు తీసుకుని రోడ్డు మీదకి దిగేసరికి చీర సగం ఊడింది.

“అదేంటి, నువ్వింకా లోపలే ఉన్నావా? పిలవచ్చుగా,” అన్నారాయన పూతరేకు నములుతూ.

“ఫోన్ చేశానుగా.”

“ఇంటి నుంచి చేస్తున్నావేమో, తర్వాత మాట్లాడదాంలే అనుకున్నాను.”

నేను వచ్చానన్న సంగతే ఆ మనిషికి గుర్తు లేదు.

గణేష్‌బాబు కంగారుపడుతూ పరిగెత్తుకొచ్చాడు. “సారీ అండి, చూసుకోలేదండి. వెనక సీటు ఎలా ఉందండి, మేడమ్?”

“ఆవిడకేం, సర్దుకుంటుంది. బుక్ చేసేద్దాం,” నా బదులు ఆయనే చెప్పేశారు.

చీర సర్దుకున్నాను. సంచులు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. ముందు తలుపు తీసి, ఆయన సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకున్నాను.

“రాజమండ్రి దాకా వెనక మీరు కూర్చోండి,” అన్నాను ఆయనతో, అందరికీ వినపడేలా. “దిగాక కూడా బాగుందంటే, అప్పుడు బుక్ చేద్దాం.”