ఇద్దరికి సరిపడా ఉప్పు

మూడు వందల మందికి వండమనండి, కళ్లు మూసుకుని వండేస్తాను. హాస్టల్ వంటగదిలో ఇరవై ఆరేళ్లుగా అదే నా పని. ఏనాడూ కొలత గిన్నె ముట్టుకున్న పాపాన పోలేదు. పెద్ద గుండిగకు ఉప్పు మూడు గుప్పిళ్లు, అంతే. అర గుప్పెడు అటూ ఇటూ అయినా మూడు వందల నోళ్లలో ఒక్కటీ కనిపెట్టలేదు. నా చెయ్యే తక్కెడ అని గొప్పలు పోయేవాణ్ణి.

మా ఆవిడ కడుపు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చాక ఆ గొప్ప కాస్తా గాలికి పోయింది. వారంలో తిండి పుంజుకోకపోతే మళ్లీ ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మూడు పూటలూ హాస్టల్లోనే తిని, పడుకోవడానికి మాత్రమే ఇంటికొచ్చే నేను, సెలవు పెట్టి మొదటిసారి మా పొయ్యి ముందు నిలబడ్డాను.

మొదటి రోజు గంజి ఉప్పు కషాయం. రెండో రోజు భయపడి తగ్గిస్తే నోట పెట్టలేనంత చప్పన. మూడో రోజు కాగితం తీసి, మూడు గుప్పిళ్లను మూడు వందలతో భాగించి రెండుతో హెచ్చించాను. లెక్క భేషుగ్గా వచ్చింది. కానీ గుప్పెడులో యాభయ్యో వంతును ఎలా పట్టుకోవాలి? అక్కడ అర గుప్పెడు తేడానే ఎవరూ పట్టించుకోలేదు, ఇక్కడ నాలుగు రవ్వలు ఎక్కువైతే ఆవిడ మొహం ముడుచుకుంటోంది. రెండు చెంచాలు తిని గిన్నె పక్కన పెట్టేసింది. ఆమె మణికట్టు నా రెండు వేళ్ల మధ్య ఇమిడిపోతోంది. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

నాలుగో రోజు ఆవిడే గోడ పట్టుకుని వచ్చి వంటింట్లో స్టూలు మీద కూర్చుంది.

"ఏమిటండీ ఆ చెయ్యి, పారతో ఎత్తుతున్నట్టు! మూడు వేళ్లతో పట్టుకోండి. కొంచెం రాలనివ్వండి. ఆఁ, ఇక వేసెయ్యండి. ఇద్దరికి అంతే."

ఆ రోజు గిన్నె ఖాళీ చేసింది. ఆనందం పట్టలేక నోరు జారాను.

"ఇద్దరికని అంత కచ్చితంగా ఎలా చెప్పావు? రోజూ వండుకునేది నీ ఒక్కదానికేగా?"

"ఒక్కరికి వండటం నాకు చేతకాదు," అంది. "పెళ్లయిన కొత్తలో, మీరు హాస్టల్లో చేరకముందు, చెయ్యి ఇద్దరికి అలవాటు పడిపోయింది. ఎప్పుడైనా ఆకలితో వస్తారేమో అనుకునేదాన్ని. మీ వాటా మర్నాడు పొద్దున నేనే తినేదాన్ని."

ఇరవై ఆరేళ్లు. ఎన్ని పూటలో లెక్క కట్టే ధైర్యం నాకు లేకపోయింది. మిగిలిన గంజి నా గిన్నెలో పోసుకుని ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.