వెనక నడిచే బూట్లు

జసుమాయ వెనక ఎవరో నడుస్తారు. ఊహ తెలిసినప్పటినుంచీ అంతే. వాగుకి నీళ్లకెళ్లినా, అడవిలో గడ్డి కోసుకొస్తున్నా, రాతిమెట్ల మీద మేకుల బూట్ల చప్పుడు పదడుగుల వెనకే వస్తుంది. తిరిగి చూస్తే మెట్లే ఉంటాయి. చిన్నప్పుడు తోటిపిల్లలు ఇందుకే ఏడిపించేవాళ్లు. ఇప్పుడామెకు యాభై దాటాయి, ఏడిపించే ధైర్యం ఎవరికీ లేదు. బూట్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

అవి ఎవరివో ఆమెకు తెలుసు. తండ్రి తేక్‌జంగ్ గురుంగ్ గూర్ఖా పల్టన్‌లో నాయక్. జసుమాయ కడుపులో ఉండగా బర్మా యుద్ధానికి వెళ్లి అక్కడే పోయాడు. శవం రాలేదు. ఒక కాగితం, టపాలో రెండు పతకాలు వచ్చాయి. అంతకుముందు సరిహద్దు కొండల్లో పోరాడినందుకిచ్చిన వెండి పతకం ఒకటి ఇంట్లోనే ఉండేది.

పోయినవాడికి పయ్ చెయ్యకపోతే పితరుల ఊరికి దారి దొరక్క ఇక్కడే తిరుగుతాడు. ఆ కర్మకి వెదురుతో బొమ్మ కట్టి, పోయినవాడి వస్తువేదైనా దానికి తొడగాలి. దాన్ని గుర్తుపట్టే కదా అతను రావాలి. తేక్‌జంగ్‌ది ఒక్క బొత్తం కూడా మిగల్లేదు. పతకాలేవని అడిగితే తల్లి నందకళి, "కొండచరియ పడ్డ ఏడు పోయాయే" అనేది. ఆపైన నోరు విప్పేది కాదు. జసుమాయ ఊరుకునే రకం కాదు, తల్లి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"నువ్వుండగానే నాన్నని సాగనంపాలమ్మా."

"ఎందుకే అంత తొందర?"

"యాభై ఏళ్లయింది. ఇంకా తొందరంటావేంటే?"

చివరికి తనే పోఖరా పట్నం వెళ్లింది. ఇన్నేళ్లకి మళ్లీ పతకాలు పోసివ్వడం కుదరదని పెన్షను ఆఫీసులో మర్యాదగానే చెప్పారు. ఏడుపు మింగుకుంటూ చెరువుగట్టు వెంట వస్తుంటే, పాతసామాన్ల కొట్టు అద్దంలో మూడు పతకాలు కనిపించాయి. ఊళ్లో హవల్దార్ మామ పండగలకి గుండెమీద పెట్టుకుని ఊరేగేవి అచ్చం అలాంటివే. నాన్నవీ ఇవే అయ్యుంటాయనుకుంది. జసుమాయ బేరమాడకుండా కొన్నది జీవితంలో ఆ మూడే. వెండిదాని మీద రాజు మొహం చూసుకుంది గానీ అంచు తిప్పి చూళ్లేదు. చూసినా అంచు మీద చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు ఆమెకేం తెలుస్తాయి.

మాఘంలో పయ్ పెట్టారు. బొమ్మకి తెల్లగుడ్డ చుట్టి మూడు పతకాలూ గుచ్చారు. పయ్ జరిపించే పూజారి పచ్యు డప్పు వాయిస్తూ తేక్‌జంగ్‌ని పేరుపెట్టి పిలిచాడు. పొట్టేలుని ముందు నిలబెట్టి, అన్నం, మాంసం, రాగుల సారా పెట్టారు. పోయినవాడు వచ్చి అందుకుంటే పొట్టేలు ఒళ్లంతా విదిలిస్తుంది. అది విదిలించలేదు. పొద్దు నడినెత్తి దాటింది. పొట్టేలు అన్నం వంకైనా చూడకుండా జసుమాయ మొహమే చూస్తూ నిలబడింది.

"నిద్రపోతోందేమో" అంది ఒకావిడ.

"పచ్యు నిద్రపోకపోతే చాల్లే" అంది పక్కావిడ.

పచ్యు డప్పు ఆపేశాడు. "ఒకడొచ్చాడు. ఈ ఇంటివాడు కాదు. గుమ్మం బయటే ఉన్నాడు, లోపలికి రావడానికి మొహమాటపడుతున్నాడు. ఆ బిళ్లలెవరివో చూడండి."

నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపేశారు. హవల్దార్ మామ కళ్లజోడు పెట్టుకుని వెండి పతకం అంచు వేలితో తడుముతూ చదివాడు. "రైఫిల్‌మన్ జితే పున్." మళ్లీ చదివాడు. "పున్‌లంటే పడమటి కొండల మగర్ జాతివాళ్లు, మన గురుంగ్‌లు కాదు. ఎవరి నాన్నని పట్టుకొచ్చావే తల్లీ?"

జసుమాయకు తల తీసేసినట్టయింది. "మరి మా నాన్నేడి?"

నందకళి గోడ పట్టుకుని లేచింది. కూతురి దగ్గరికొచ్చి చెవిపోగు పట్టుకుంది. "ఇదిగో, ఇక్కడ."

కూతురి చెవి వదలకుండానే చెప్పింది.

"నీకు నాలుగేళ్లప్పుడు ఆయన పతకం కరిగించి చేయించా. కంసాలి వెండి ఒక్కదాన్లోనే ఉందన్నాడు, మిగతా రెండూ వాడే ఉంచుకున్నాడు. నాన్నెలా ఉంటాడని రోజూ అడిగేదానివి. ఏం చూపించను? ఆ వెండి మీద ఆయన పేరుండేది. నీ చెవులకి పెడితే నీ వెంటే ఉంటాడనుకున్నా." పోగు వదిలింది. "ఉన్నాడు."

"మరి కొండచరియ అని అబద్ధమెందుకే చెప్పావు?"

"నిజం చెబితే పంపించేస్తావు. నా వెనక ఒక్కరోజైనా నడవలేదే ఆయన. నువ్వొచ్చి, ఇవాళ కూడా వినపడిందమ్మా అనేదానివి చూడు, నాకదే కాపురం."

జసుమాయకు తల్లి మీద కోపం రావాల్సింది. రాలేదు. భయమేసింది. ఈ పోగులు తీస్తే రేపు వాగు దారిలో వెనక ఎవరూ ఉండరు. తీయకపోతే ఆయన ఇలా నడుస్తూనే ఉంటాడు, తనూ పోయాక ఎవరి వెనక నడవాలో కూడా తెలియకుండా. బొమ్మ ముందు చాలాసేపు చెవుల మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పోగులు తీస్తుంటే కుడిచెవి చీరుకుని రక్తం వచ్చింది. తుడుచుకోకుండానే రెంటినీ బొమ్మకి కట్టింది.

పొట్టేలు తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది.

"ఇంక వెళ్లండి" అంది నందకళి, పక్కగదిలో ఉన్న మనిషితో అన్నంత మెల్లిగా. "పిల్ల పెద్దదైంది."

జితే పున్ పతకాలు బొమ్మ మీంచి తీసి, గుమ్మం బయట ఆకు వేసి అతనికి వేరే అన్నం, సారా పెట్టారు. అతన్ని పంపడం తన చేతుల్లో లేదన్నాడు పచ్యు, అతని మనుషులే పంపాలట.

అయిదోనాడు పొద్దున్నే జసుమాయ ఆ మూడు పతకాలూ నడుముగుడ్డలో కట్టుకుని పడమటి దారి పట్టింది. పున్‌ల ఊళ్లు ఎన్నున్నాయో, వాటిలో జితే ఊరేదో ఆమెకు తెలీదు. మెట్లు దిగుతుంటే వెనక చప్పుడు లేదు. మలుపు దగ్గర అలవాటుకొద్దీ తిరిగి చూసింది. చెవులు తేలిగ్గా ఉన్నాయి. ఆ తేలికని ఓర్చుకోలేక మెట్టు మీద కూర్చుని, తండ్రి ఆ రోజే పోయినట్టు ఏడ్చింది.

లేచి నాలుగు మెట్లు దిగిందో లేదో, వెనక బూట్లు వినిపించాయి. తండ్రివి కావు. తండ్రి నడక ఆమెకు కంఠతా వచ్చు. ఇది ఒక కాలు ఈడుస్తున్న నడక. ఆమె ఆగితే అదీ ఆగింది. ఈసారి తిరిగి చూడలేదు.

"నాకూ దారి తెలీదు బాబాయ్. అడుగుతూ పోదాం."

ఆ కుంటికాలు అందుకునేలా నడక తగ్గించింది.