డీజిల్ మూత

యేసుపాదానికి అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. పెంచి పోషించుకున్నది. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూస్తాడు, కూరగాయలు తూస్తుంటే తక్కెడ కింద చెయ్యి పెట్టి చూస్తాడు. రెంటచింతలలో అతని చుట్టపక్కాలు వెనకాల నవ్వుకుంటారు గానీ, ముఖాన ఒక్క మాట అనరు. అంటే అందులో కూడా ఏదో ఉందని వారం రోజులు బుర్ర పాడుచేసుకుంటాడని వాళ్ల భయం.

అలాంటి మనిషి, మిర్చి పండే ఎకరం అమ్మి, పాత పొక్లెయిన్ ఒకటి కొన్నాడు. పెద్దది కాదు, మూడు టన్నుల చిన్న మిషను. గురజాల అవతల ఒక క్వారీ మూతపడితే దాన్ని బేరానికి పెట్టారు. కాలువల్లో పూడిక తియ్యడానికీ పొలాల్లో గుంటలు తవ్వడానికీ అద్దెకు తిప్పితే, పోయిన ఎకరం మళ్లీ చేతికొస్తుందని అతని ఆశ. దానికేమన్నా అయితే మాత్రం ఎకరమూ లేదు, మిషనూ లేదు, మిగిలేది కూలిపనే.

కొన్నది ఇంటికి చేర్చాలి. ఇనప పట్టాల మీద పాకే బండి అంతదూరం తారురోడ్డు మీద నడవదు, ఇంకో బండి మీద మోసుకు రావలసిందే. గురజాలలో ఐజాజ్ అనే ఆయనకు అందుకోసమే చేయించిన నాలుగు చక్రాల ట్రాలీ ఉందంటే, భార్య ప్రేమమ్మను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లాడు. నేలకు దగ్గరగా ఉంది. దానికి విడిగా బ్రేకులున్నాయి. గొలుసులు కట్టడానికి నాలుగు మూలలా కొక్కేలున్నాయి. యేసుపాదం చుట్టూ తిరిగాడు, టైర్లు తన్ని చూశాడు, కిందకి దూరి చూశాడు. వంక దొరకలేదు. వంక దొరకకపోవడమే అతనికి అనుమానం పుట్టించింది.

"దోవలో యాడన్నా ఆగుద్దా?" అని అడిగాడు.

"గొలుసులు వదులైనయ్యేమో చూసుకోడానికి ఒకటి రెండు చోట్ల ఆపుతాడండీ మా డ్రైవరు" అన్నాడు ఐజాజ్.

అంతే, ఆ ఒక్క మాటతో బేరం చెడింది. ఆగినచోట బ్యాటరీ మార్చడని ఏంటి నమ్మకం? డీజిల్ పీల్చడని ఎవడు చెప్పొచ్చాడు?

"బంగారం లాంటి బండయ్యా, దీన్నే మాట్లాడుకుందాం" అంది ప్రేమమ్మ బయటికొచ్చాక.

"నీకేం తెలవదు, నువ్వూరుకో. తెలియని దేవుడి కంటే తెలిసిన దయ్యం నయం" అని, యేసుపాదం ఆ దయ్యానికి ఫోన్ చేశాడు.

దయ్యం అంటే ప్రేమమ్మ తమ్ముడు కాలేబు. అతనికి ట్రాక్టరూ, రెండు చక్రాల ట్రాలీ ఉన్నాయి. మిర్చి బస్తాలకూ ఇటుకలకూ సరిపోయే ట్రాలీ అది. కాలేబు మీద యేసుపాదానికి ఉన్న అనుమానానికి ఒక చరిత్ర ఉంది. పోయిన ఏడాది చేనికి నీళ్లు పెట్టుకుంటానని బావ ఆయిల్ ఇంజను పట్టుకెళ్లి, ట్యాంకు ఖాళీ చేసి తెచ్చాడు. ఇదేందిరా అంటే, "మన రెంటచింతల ఎండకి ఆవిరైపోయింది బావా" అని పళ్లికిలించాడు. అందరూ నవ్వారు. యేసుపాదం మాత్రం ఆ నవ్వు మర్చిపోలేదు.

మర్నాడు పొద్దున్నే క్వారీలో ఎక్కింపు మొదలైంది. క్వారీ మనిషి ఇనప పలకల మీదుగా మిషనును మెల్లగా ట్రాలీ మీదికి ఎక్కించాడు. ఇంజనూ, దాని వెనకుండే ఇనప దిమ్మా ట్రాక్టరు వైపు, బకెట్టు వెనక వైపు వచ్చాయి. కాలేబు కట్టడానికి గొలుసులు తీశాడు.

"ఆగరా" అన్నాడు యేసుపాదం. "డీజిల్ మూత ఎటుంది?"

"ఇంజను పక్కన, ముందు వైపుంది బావా."

"నేను వెనకాల మోటారు సైకిల్ మీద వస్తన్నా. మూత నాకు కనపడాల. మిషను అటు తిప్పించు."

కాలేబు నెత్తి గోక్కున్నాడు. "పైభాగం తిప్పితే బరువంతా తోకకి పోద్ది బావా. రెండు చక్రాల ట్రాలీ ఇది. తోక దిగితే ట్రాక్టరుకి తగిలించిన హుక్కు పైకి లేస్తది, హుక్కుతో పాటు నా ట్రాక్టరు వెనక చక్రాలు కూడా తేలికయితయ్. బ్రేకు తొక్కితే పట్టు ఉండదు."

"మూత నీ వైపుంటే నీకు పట్టుంటదా?"

ఆ మాటకు కాలేబు ముఖం నల్లబడింది. బరువు సంగతి ఇంకోసారి చెబితే బాగుండేది. కానీ రోషం వచ్చినవాడికి వాదన రాదు. "నీ మిషను, నీ ఇష్టం" అని పక్కకు తప్పుకున్నాడు. మిషను పైభాగం గిర్రున తిరిగింది. ఇంజనూ దిమ్మా తోకమీదికి వచ్చాయి, ట్రాలీ వెనక్కి కాస్త కుంగింది. గొలుసులు బిగించారు. యేసుపాదం డీజిల్ మూతకు తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. మిషను స్టార్టు చేసేదీ ఆ చెవితోనే.

అయినా మనసు కుదుటపడలేదు. ప్రేమమ్మను పక్కకు పిలిచి, "ఏమే, నువ్వు ట్రాక్టరెక్కి వాడి పక్కన కూర్చో. వాడెవరికి ఫోన్ చేస్తాడో, యాడ ఆపుతాడో కనిపెట్టు" అన్నాడు.

"నా తమ్ముడికి నన్ను కాపలా పెడతన్నావా?"

"తమ్ముడు కాబట్టే."

ప్రేమమ్మ కొంగు నడుముకు దోపుకుని మడ్‌గార్డు మీద కూర్చుంది.

ట్రాక్టరు నెమ్మదిగా కదిలింది. వెనకాల యేసుపాదం. దోవ పక్క పొలాలు గానీ ఎదురొచ్చే బస్సులు గానీ అతని కంటికి ఆనలేదు, కళ్లన్నీ ఆ గుండ్రటి మూత మీదే ఉన్నాయి. ముందు అక్కాతమ్ముళ్లు తలలు దగ్గర పెట్టి ఏదో మాట్లాడుకోవడం మిషను సందులోంచి కనిపించింది. ఇద్దరూ ఒకటయ్యారనుకున్నాడు. రక్తం రక్తాన్నే కోరుకుంటుందని పళ్లు కొరుక్కున్నాడు.

కాసేపటికి కాలేబు బండి పక్కకు తీసి ఆపాడు.

"బావా, వెనక చక్రాలు అసలు ఆనట్లేదు. ఊగతంది కూడా. ముందు వాగు దిగుడుంది, ఈడనే మిషను తిప్పుకుందాం. ఆ చెవి ఇటియ్యి. నువ్వు ముందు పోయి హోటలు కాడ టీ చెప్పు, ఐదు నిమిషాల్లో వస్తాం."

చెవి కావాలంట! తను ముందు పోవాలంట! ఎదురుచూసిన దొంగ దొరికినంత సంతోషం కలిగింది యేసుపాదానికి. ఆ సంతోషం ఎంత పాపిష్టిదో అప్పుడతనికి తెలియదు.

"నేను ముందు పోను, చెవి ఇయ్యను" అన్నాడు. "నువ్వు నడువు."

"వాడు చెప్పేది ఒక్కసారి ఇనయ్యా, నాకు కూడా బయంగా ఉంది" అంది ప్రేమమ్మ.

"నిన్ను కూర్చోబెట్టింది వాడికి వంత పాడమని కాదు."

కాలేబు అక్క వైపు చూశాడు. "దిగక్కా, నువ్వు బావ బండెక్కు" అన్నాడు.

"దిగొద్దు. కూర్చో!" అని అరిచాడు యేసుపాదం. ప్రేమమ్మ దిగలేదు. పెళ్లయినప్పటి నుంచి అతని మాట వినడం ఆమెకు అలవాటు.

వాగు దగ్గర రోడ్డు ఏటవాలుగా దిగుతుంది. ట్రాక్టరు దిగడం మొదలుపెట్టింది. యేసుపాదం చూస్తున్న మూత మెల్లగా ఎడమకు పోయింది, కుడికి వచ్చింది. ఇదేంటి మూత కదులుతోందనుకున్నాడు. మళ్లీ ఎడమకు పోయింది, ఈసారి ఇంకా దూరం. కదులుతున్నది మూత కాదు, ట్రాలీ మొత్తం అని అర్థమయ్యేసరికే ముందు నుంచి ప్రేమమ్మ కేక వినిపించింది. బ్రేకు తొక్కినా ట్రాక్టరు చక్రాలు జారుతున్నాయి, వెనక బరువు దాన్ని ముందుకు తోస్తోంది. కాలేబు ఒక చేత్తో అక్క జబ్బ పట్టుకుని, ఇంకో చేత్తో స్టీరింగు తిప్పి, వంతెన గోడకు తగలకుండా బండిని పక్కనున్న మట్టికట్ట మీదికి ఎక్కించేశాడు. గొలుసు తెగిన చప్పుడయింది. మిషను తోకవైపు నుంచి జారి, నేలమీద ఒక పక్కకు పడింది.

దుమ్ము లేచి అంతా కమ్ముకుంది. యేసుపాదం మోటారు సైకిల్ పడేసి పరుగెత్తాడు.

మూతకు తాళం వేసినట్టే ఉంది, చెక్కు చెదరలేదు. దాన్ని చేత్తో తడిమి చూసుకుని హమ్మయ్య అనుకున్నాడు. అప్పుడు పాదాలకు తడి తగిలింది. ట్యాంకు అడుగు పగిలి డీజిల్ అంతా మట్టిలోకి ఇంకిపోతోంది.

తల ఎత్తాడు. దుమ్ము అణిగింది. మట్టికట్ట మీద ప్రేమమ్మ కూర్చుని ఉంది, నుదుటి మీద చర్మం లేచి రక్తం కారుతోంది. ఆమె ఒళ్లో తల పెట్టుకుని కాలేబు మూలుగుతున్నాడు. అక్కను పట్టుకున్న చెయ్యి మోచేతి దగ్గర వంకరపోయింది. ప్రేమమ్మ తమ్ముడిని చూడడం లేదు. మొగుడినే చూస్తోంది, ఎప్పటి నుంచి చూస్తోందో. అతని చెయ్యి ఇంకా మూత మీదే ఉంది.

యేసుపాదం చప్పున చెయ్యి తీసేశాడు. మిషను పోయినందుకు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

ఎవరో ఆటో ఆపారు. కాలేబును ఎత్తి పడుకోబెట్టారు, ప్రేమమ్మ అతని పక్కన ఎక్కింది. యేసుపాదం పరుగున వచ్చి ఆటో కమ్మీ పట్టుకున్నాడు.

"నేను మీ వెనకాలే వస్తానే" అన్నాడు.

"వద్దు" అంది ప్రేమమ్మ. "నువ్వు ముందు పో. నాకు కనపడేట్టు పో."

యేసుపాదం పడిపోయిన మోటారు సైకిల్ లేపుకుని, ఆటోకి ముందు నడిపాడు.