మొగులమ్మ లాగిన పరదా

మొగులమ్మ పరదా తాడుకు ఆముదం పట్టిస్తున్నది. ఎడమచేత్తో తాడును బిగించి పట్టుకొని, కుడిచేతిలోని గుడ్డపేలికతో పైనుంచి కిందిదాకా ఒకే ఊపున రాసుకొస్తుంది. ఆ తర్వాత స్టూలెక్కి ఇనుపతీగ మీది రింగులకు ఒక్కొక్కదానికి ఒక్కో చుక్క వేస్తుంది. రింగు కిర్రుమంటే చాలు, హాల్లో ఉన్న మగవాళ్ల తలకాయలన్నీ ఇటే తిరుగుతాయి. అట్లా తిరగడం మొగులమ్మకు గిట్టదు.

తాండూరులో పాండురంగం గారి టాకీసులో ఎడమపక్క ఆడవాళ్ల తావు. మగవాళ్లకూ వాళ్లకూ నడుమ నడుమెత్తు గోడ, ఆ గోడ మీదుగా ముదురాకుపచ్చ పరదా. దీపాలు వెలుగుతున్నంతసేపు పరదా మూసే ఉండాలి. దీపాలారి తెర మీద బొమ్మ పడ్డాక తీయాలి, ఇంటర్వెల్లు దీపాలు వెలగకముందే మళ్లీ మూయాలి. నైజాం కాలంలో పెట్టిన పద్ధతి. నైజాం పోయి పదేళ్లు దాటింది గానీ పద్ధతి మాత్రం పోలేదు. వెలుతురులో ఆడవాళ్లు గట్టిగా దగ్గను కూడా దగ్గరు. ఇంతకుముందు ఈ పని చేసిన మనిషి ఒకనాడు కునుకుపాటు పడి పరదా మూయడం మరిచింది. మర్నాటికి ఆమెకు పనీ లేదు, ఆ వారమంతా ఆడవాళ్ల బెంచీల మీద జనమూ లేరు.

మొగులమ్మది దోమ అనే ఊరి దగ్గరి పల్లె. నల్లగా, సన్నగా, వెదురుబద్దలా ఉంటుంది. అరచేతులు మాత్రం మగవాడి చేతుల కన్నా వెడల్పు. నైజాం పోయేనాటి గడబిడలన్నీ సద్దుమణిగాయనుకున్న ఏడాది భర్త భీమయ్య విషజ్వరంతో పోయాడు. ఆ తర్వాత తాండూరు వచ్చి బండల గనిలో తట్ట మోసింది. నాపరాయి జారి కుడిపాదం మీద పడితే ఎముక వంకరగా అతుక్కుంది. ఇక తట్ట మోయలేదు, చేనుపనికి ఎవరూ పిలవరు. అప్పుడు పాండురంగం తల్లి రాధమ్మ, పరదా లాగడానికి చేతులుంటే చాలదా అని కొడుకుతో వాదించి ఈ పనిలో పెట్టించింది. ఈ పని పోతే ఇంకో పని ఉందా అంటే లేదు. ఆ సంగతి మొగులమ్మకు తెలుసు, పాండురంగానికీ తెలుసు.

ఇన్నేళ్లలో ఎన్ని సినిమాలు చూసిందో లెక్కలేదు గానీ, ఒక్కటీ ఎదురుగా కూర్చుని చూడలేదు. తాడు పట్టుకొని గోడవార నిలబడి చూస్తే తెర మీది మనుషులంతా సాగిపోయి కనిపిస్తారు. వత్సలాదేవి కూడా ఆమెకు అట్లాగే తెలుసు. ఒకప్పుడు వత్సలాదేవి పేరు చెబితే బండ్లు కట్టుకొని వచ్చేవాళ్లు. అత్త వెళ్లగొడితే మండుటెండలో బిడ్డను చంకనెత్తుకొని, వట్టికాళ్లతో నదిదాకా నడిచే కోడలి వేషంలో ఆమెను చూసి ఏడవని ఆడది ఆ చుట్టుపక్కల లేదు. మొగులమ్మ ఏడ్చింది, తాడు వదలకుండా ఏడ్చింది.

ఆ వత్సలాదేవికి ఇప్పుడు వేషాలు లేవు, పైగా ఉబ్బసం. అనంతగిరి గుట్టల గాలి మంచిదని డాక్టర్లు చెబితే వికారాబాద్‌లో ఒక బంగళా అద్దెకు తీసుకొని ఉంటున్నది. సంగతి తెలిసిన పాండురంగం ఊరుకుంటాడా! ఆమె పాత సినిమా రీళ్ల పెట్టెలు తెప్పించి, ఆదివారం మ్యాట్నీకి ఆమెనే రప్పిస్తున్నాడు. ముందు వేదిక మీద ఆమెతో ముచ్చట, తర్వాత సినిమా. ముచ్చట నడపడానికి పట్నం నుంచి చంద్రశేఖర్ అనే పత్రికాయన వస్తున్నాడు.

కబురు తెలిసిన రోజు నుంచి మొగులమ్మ కాళ్లు నిలవలేదు. కుంటుకుంటూనే గడపగడపకూ తిరిగింది. బషీరాబాద్ సంతకు పోయినప్పుడు అక్కడి కన్నడపు ఆడవాళ్లకూ చెప్పింది. వత్సలాదేవిని కళ్లారా చూపిస్తానని, పూచీ తనదని చెప్పింది. అక్కడే పొరపడింది. సభ అంటే ఎట్లా ఉంటుందో ఆమె చూసిందెన్నడు? సినిమాకు ఆర్పినట్టే దీపాలన్నీ ఆర్పి, వచ్చిన మనిషి మీద ఒక్క దీపం పెడతారనుకుంది. అప్పుడు పరదా తీయడం తన పనే కదా అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నానికి ఆడవాళ్ల తావు నిండిపోయింది. బెంచీలు చాలక బండల నేల మీద కూర్చున్నారు. కొడంగల్ బస్సులో వచ్చినవాళ్లు, బండ్లలో వచ్చినవాళ్లు, కొత్తచీరల వాసన, సద్దిమూటల వాసన. పాలుతాగే పిల్లలను కొంగుల కింద అదిమి పట్టుకున్నారు. రాధమ్మ ముందు బెంచీ మీద తాంబూలం నములుతూ కూర్చుంది.

అవతల హాల్లో ఉన్న దీపాలన్నీ వెలిగాయి. కొత్తగా తెచ్చిన పెద్ద బల్బులు కూడా వెలిగాయి. మొగులమ్మ అనుకున్నట్టు ఒక్కటీ ఆరలేదు.

పాండురంగం గేటు దగ్గర టిక్కెట్లు దొరకని గుంపును సముదాయిస్తున్నాడు. ఆమె కుంటుకుంటూ పరుగెత్తి, ఇంత వెలుతురులో పరదా తీయనా అని అడిగింది. ఆయన తల తిప్పకుండానే అన్నాడు.

"ఎలుగుల పరదా తీస్తవా? తీసిన దినమే నీ నౌకరీ ఖతం. మాటలైతే ఇనబడుతయి గద, ఇనుమను."

వినడానికా బండ్లు కట్టుకొని వచ్చింది? అనుకుంది మొగులమ్మ. తిరిగొచ్చి తాడు పట్టుకొని నిలబడింది. ఎప్పుడు తీస్తావని ఆడవాళ్లు గుసగుసగా అడుగుతుంటే జర ఆగుండ్రి, జర ఆగుండ్రి అంటూ వచ్చింది. గోడకూ పరదాకూ నడుమ ఉన్న సందులోంచి ఆమెకు మాత్రం అటూ ఇటూ రెండువైపులా కనబడుతుంది.

వత్సలాదేవి వేదిక ఎక్కింది. తెల్లని చీర, నెరిసిన జుట్టుకు ముడి, మెట్టుమెట్టుకూ ఆగి తీసుకునే ఊపిరి. మగవాళ్లు చప్పట్లు కొట్టారు. చంద్రశేఖర్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాను మైకు పట్టుకున్నాడు. మళ్లీ వదిలితే ఒట్టు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే ఎదుటి మనిషి ఉన్నదన్న సంగతి మరిచిపోయే రకం. ముందు వేరెవరో నటించిన సినిమాను ఈమెకు అంటగట్టాడు. అది నేను కాదు బాబూ అని ఆమె మెల్లిగా అంటే, చాలా సంతోషం అని తర్వాతి ప్రశ్నకు పోయాడు. వయసెంత అన్నాడు. వేషాలు రావడం లేదా, తమరే మానుకున్నారా అన్నాడు. నది సీనులో కన్నీళ్లకు కళ్లలో ఏం వేసుకున్నారని అడిగి, ఆమె నోరు తెరిచేలోగా గ్లిసరిన్ అయ్యుంటుందని తానే చెప్పి నవ్వాడు. హాలు కూడా నవ్వింది. పరదా ఇవతల ఒక్కరూ నవ్వలేదు. ఆ కన్నీళ్లకు తమ కన్నీళ్లు కలిపినవాళ్లు ఎట్లా నవ్వుతారు! వత్సలాదేవి ఒళ్లో చేతులు ముడుచుకుంది. జవాబులు ఒక్కో మాటకు కుదించుకుపోయి, ఆఖరికి తల ఊపడం మిగిలింది.

అప్పుడు చంద్రశేఖర్ హాలంతా కలయజూశాడు. ఆయనకు గోడ, దాని మీద పచ్చగుడ్డ కనబడ్డాయి. ఇంకేం కనబడలేదు.

"ఒకప్పుడు తమరి సినిమాలకు స్త్రీలు తండోపతండాలుగా వచ్చేవారట. ఈరోజు ఒక్క స్త్రీ కూడా రాలేదు. మహిళలు తమరిని మరిచిపోయారనుకోవచ్చా?"

హాల్లో ఒక్కడు లేచి, ఉన్నారయ్యా అనలేదు. మా ఇంటి ఆడవాళ్లు అదిగో అటు కూర్చున్నారని పదిమందిలో చెప్పే అలవాటు ఆ ఊరి మగవాళ్లకు లేదు, అది మర్యాద కాదు. పాండురంగం ఉంటే చెప్పేవాడేమో, ఆయన గేటు దగ్గరున్నాడు.

వత్సలాదేవి కూడా కలయజూసింది. వరుస తర్వాత వరుస, అన్నీ మీసాలే. ఆమె ముఖం ఎట్లా అయిందో మొగులమ్మ సందులోంచి చూసింది. తెర మీద నది ఒడ్డున కూడా ఆ ముఖం అట్లా కాలేదు.

"కాలం కదండీ. మరిచిపోయే ఉంటారు." ఆమె అన్న మాట మైకు దాకా పోలేదు, పరదా దాకా వచ్చింది.

మొగులమ్మకు ఒళ్లంతా మండిపోయింది. ఎవరు మరిచిపోయింది? బషీరాబాద్ నుంచి తెల్లవారకముందే బండి కట్టిన వాళ్లా? కుంటికాలుతో గడపగడపకూ తిరిగిన తానా? తాడు మీద చెయ్యి బిగుసుకుంది. అయితే లాగితే పోయేది తన నౌకరీ ఒక్కటేనా, ఇంతమంది పరువు కూడా. ఆమె వెనక్కి తిరిగి ఆడవాళ్లను చూసింది.

"లాగన్నా?"

రాధమ్మ నమలడం ఆపింది. తాంబూలం పక్కన ఉమ్మి, మూతి తుడుచుకొని, కొంగు తల మీదికి లాక్కుంది. నడుము నిటారు చేసుకొని కూర్చుంది. ఆమె పక్కనున్న కోడలూ కొంగు లాక్కుంది. ఆ వెనక వరుస, ఆ వెనక వరుస. కొంగుల కింది పిల్లలను ఒళ్లో సర్దుకున్నారు. నేల మీద కూర్చున్నవాళ్లు ఒకరి భుజం పట్టుకొని ఒకరు లేచి నిలబడ్డారు.

మొగులమ్మ లాగింది. ఆముదం తాగిన రింగులు చప్పుడే చేయలేదు. పరదా మెల్లగా మడతలు పడుతూ గోడవారకు చేరింది.

ముందు చూసింది వత్సలాదేవే. కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయింది. తర్వాత మగవాళ్లు చూశారు. చూసి, తమ తల్లులూ భార్యలూ అంత వెలుతురులో తలెత్తుకొని నిలబడి ఉంటే ఏం చేయాలో తెలియక, ఒకరి తర్వాత ఒకరు తలలు దించుకున్నారు. బషీరాబాద్ ముసలామె ఒకతె చేతులు జోడించి కన్నడంలో ఏదో అంది, ఏడుస్తూ నవ్వింది. ఇక ఆడవాళ్లు ఆగుతారా! హాలు కప్పు లేచిపోయేట్టు చప్పట్లు కొట్టారు. గాజుల గలగల ఆ చప్పట్లను మించిపోయింది.

వత్సలాదేవి వేదిక అంచుదాకా వచ్చింది. ఆయాసపడుతూనే అంది. "ఇంతమంది ఉండి చప్పుడు చేయకుండా ఎట్లా కూర్చున్నారమ్మా?"

రాధమ్మ గోడ మీద చెయ్యి ఆనించి అడిగింది. "నువ్వు ఎండల నడిశినవ్ గద బిడ్డ. కాళ్లు నిజంగ కాలినయా?"

అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అది. కాలాయని, అరికాళ్లు బొబ్బలెక్కి వారం రోజులు నడవలేకపోయానని, కన్నీళ్లకు కళ్లలో ఏమీ వేసుకోలేదని ఆమె చెప్పింది. అప్పుడు చంద్రశేఖర్ మంచిపని ఒకటి చేశాడు. ఎర్రబడ్డ ముఖంతోనే మైకు స్టాండు భుజాన పెట్టుకొని, తీగ ఈడ్చుకుంటూ వచ్చి ఆడవాళ్ల గోడ దగ్గర నిలబెట్టి, తాను పక్కకు తప్పుకున్నాడు. ఆ తర్వాత ముచ్చట అంటే ముచ్చట! సినిమాలోని అత్త నిజంగా అంత పాపిష్టిదా అని ఒకతె, చంకలో బిడ్డ ఎవరి బిడ్డ అని ఒకతె. వత్సలాదేవి నవ్వితే పాత వత్సలాదేవే.

సినిమా మొదలయ్యే వేళకు ఆమె వేదిక మీది కుర్చీకి పోలేదు. గోడకున్న చిన్న తలుపులోంచి ఆడవాళ్లలోకి వచ్చింది. రాధమ్మ పక్కన బెంచీ మీద కూర్చొని, గోడవార నిలబడ్డ మొగులమ్మను చూసింది.

"అక్కడ ఎందుకమ్మా? ఇట్లా వచ్చి కూర్చో."

మొగులమ్మ కూర్చుంది. దీపాలారాయి. తెర మీద వత్సలాదేవి ముఖం గుండ్రంగా, నిండుగా కనబడింది. ఇంత అందమా ఈమెది అనుకొని పక్కకు చూసింది. పక్కనున్న వత్సలాదేవి రేకు డబ్బా తీసి, దగ్గు రాకుండా ఒక పిప్పరమెంటు నోట్లో వేసుకొని, డబ్బాను చుట్టూ ఉన్నవాళ్లకు సాచింది.

ఇంటర్వెల్లు దీపాలు వెలిగాయి. మొగులమ్మ అలవాటుగా లేవబోయింది. పాండురంగం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లిని చూసి గొంతు తగ్గించి, మొగులమ్మకు రేపటినుంచి పని లేదన్నాడు.

రాధమ్మ పిప్పరమెంటు చప్పరిస్తూనే కొడుకు వైపు తిరిగింది. "పని ఎందుకు లేదురా? పరదా మస్తు మాసింది. రేపు దాన్ని ఇప్పి ఉతుకుతది."

పాండురంగం బెంచీల వైపు చూశాడు. అన్ని బెంచీలూ ఆయన వైపే చూస్తున్నాయి. వచ్చిన తలుపులోంచే వెళ్లిపోయాడు. మర్నాడు మొగులమ్మ పరదా విప్పి ఉతికింది, ఆరేసింది, మడతపెట్టి రాధమ్మకు ఇచ్చింది. మళ్లీ కట్టమని అడగడానికి ఎవరూ రాలేదు. మొగులమ్మ మాత్రం ఆడవాళ్ల తావులోనే, బెంచీలు చూపిస్తూ చాలా ఏళ్లు పనిచేసింది.

ఆ ఆదివారం సాయంత్రమే వత్సలాదేవి వికారాబాద్ బండి ఎక్కింది. స్టేషనుదాకా ఆడవాళ్లే నడిచి సాగనంపారు. ఆ ఏటి వానాకాలంలో బంగళాలో నిద్రలోనే పోయిందని కబురొచ్చింది.

ఆమె వచ్చిన ఆదివారం జనం ఖాళీ అయ్యాక హాలు ఊడుస్తుంటే మొగులమ్మకు ముందు బెంచీ మీద ఆమె మరిచిపోయిన రేకు డబ్బా దొరికింది. వికారాబాద్ పోయేవాళ్లెవరైనా ఉంటే పంపుదామని కిటికీ గూట్లో పెట్టింది. అది అక్కడే ఉంది. మూత తీస్తే అడుగున రెండు పిప్పరమెంట్లు, కరిగి ఒకదానికొకటి అతుక్కొని.